సెరొటోనిన్ తలుపు గురించి రాసే అమ్మాయికి

అనంతపురం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

కర్నూలు నుంచి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. తెలుగు బాగుంది, విషయమే ఇంకా కుదురుకోలేదు. సెరొటోనిన్ తగలగానే తలుపు తెరుచుకుని మెదడులోకి సంతోషం ప్రవహిస్తుందన్న మొదటి వాక్యాన్ని దయచేసి కొట్టివెయ్యి. నువ్వు తలుపు అంటున్నది సెరొటోనిన్ అనే రసాయన సంకేతాన్ని అందుకునే, నాడీకణం పొరలో ఉండే 5-హెచ్‌టి3 అనే గ్రాహకం. ఆ తలుపు గుండా పోయేవి సోడియం, పొటాషియం, కొంత కాల్షియం అయాన్లు, అంటే విద్యుదావేశమున్న పరమాణువులు. మన ఒంట్లోని సెరొటోనిన్‌లో అత్యధిక భాగం ఉండేది పేగుల్లో. కీమోథెరపీ రోగికి వాంతులు కాకుండా ఇచ్చే ఆన్డాన్సెట్రాన్ అడ్డుకునేది ఈ తలుపునే. సెరొటోనిన్ గ్రాహకాల ఏడు కుటుంబాల్లో ఆరు జి-ప్రొటీన్లు అనే, కణం లోపలి దూతల ద్వారా తీరిగ్గా పనిచేస్తాయి, 5-హెచ్‌టి3 ఒక్కటే తానే అయాన్ ఛానల్, అంటే అయాన్లు పోయే దారి అన్న మాట నీ వ్యాసంలో ఎక్కడా లేదు.

కేసీ కాలువ తూముతో పోల్చావు. మన సీమ పాఠకుడికి అది వెంటనే అందుతుంది, కాదనను. కానీ కాలువ నీరు పల్లానికే పారుతుంది. ఇక్కడ పల్లం ఎటన్నది కణత్వచానికి రెండు వైపులా ఉన్న వోల్టేజీని బట్టి మారిపోతుంది. నాడీకణం లోపల మైనస్ 70 మిల్లీవోల్టులు ఉన్నప్పుడు ధనావేశం లోపలికి వస్తుంది, సున్నా దగ్గరికి చేరేసరికి ప్రవాహం దాదాపు ఆగిపోతుంది, సున్నా దాటిస్తే వెనక్కి తిరుగుతుంది. సోడియాన్ని మాత్రమే పోనిచ్చే ఛానల్ అయితే ఆ మలుపు ప్లస్ 50 దాటి ఉండేది, పొటాషియాన్ని మాత్రమే అయితే మైనస్ 90 దగ్గర ఉండేది. సున్నా దగ్గర ఉందంటే ఈ తలుపు ఆ రెండింటికీ పెద్దగా తేడా చూపదన్నమాట. తూము పోలికను అక్కడే వదిలేసి ఈ సంగతి నేరుగా చెప్పు.

నువ్వు ఒక్క పంక్తిలో దాటేసిన చోట నేనైతే రెండు పుటలు నిలబడతాను. ఈ ఛానల్ ఐదు ప్రొటీన్ ముక్కలు, అంటే ఉపభాగాలు, కలిసి ఏర్పడుతుంది. ఐదూ ఎ-రకం ఉపభాగాలే అయిన ఛానల్ వాహకత, అంటే విద్యుత్తును పోనిచ్చే సామర్థ్యం, ఒక పికోసీమెన్‌కు (సీమెన్‌లో లక్ష కోట్లలో ఒక వంతుకు) కూడా తక్కువ. సగం పికోసీమెన్ అనుకుని 70 మిల్లీవోల్టులతో గుణించి, ఒక్క అయాన్ ఆవేశంతో భాగించి చూడు, సెకనుకు రెండు లక్షల చిల్లర అయాన్లు వస్తాయి. పెద్ద సంఖ్యలా కనిపిస్తుంది గానీ, నెహెర్, సక్‌మన్ 1976లో చూపించిన, ఒక్కో ఛానల్ విద్యుత్తును కొలిచే ప్యాచ్ క్లాంప్ పద్ధతికి కూడా అంత చిన్న విద్యుత్తు విడిగా చిక్కదు. అందుకే పరిశోధకులు మొత్తం విద్యుత్తులోని ఒడుదొడుకుల నుంచి ఒక్క ఛానల్ పరిమాణాన్ని లెక్కగట్టారు. రేకుల ఇంట్లో పడుకుని వాన వింటే చినుకులను లెక్కపెట్టలేం గానీ, ఆ చప్పుడు తీరును బట్టి చినుకు సన్నదో లావుదో పోల్చుకోగలం కదా, అలాగే.

1999లో మరో రకం, బి-ఉపభాగం దొరికింది. అది ఎ-తో కలిస్తే వాహకత సుమారు 16 పికోసీమెన్లకు పెరుగుతుంది, అంటే సెకనుకు 70 లక్షల అయాన్లు. ఇంత తేడా ఎందుకన్నదానికి 2003లో జవాబు వచ్చింది: ఎ-ఉపభాగంలో, కణం లోపలివైపు దారిలో, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాలు మూడు ధనావేశంతో కాపలా కాస్తూ, తమలాగే ధనావేశమున్న అయాన్లను వెనక్కి నెడుతున్నాయి. ఆ మూడింటినీ బి-లో ఆ స్థానాల్లో ఉన్న అమైనో ఆమ్లాలతో మార్చేసరికి, బి లేకుండానే వాహకత ఎన్నో రెట్లు పెరిగింది. నీ వ్యాసానికి ప్రాణం ఇక్కడుంది, దీన్ని మధ్యలోకి తీసుకురా.

ప్రమాణాలు ఒకటికి రెండుసార్లు సరిచూసుకో. నా మొదటి వ్యాసంలో నేను పికోకు బదులు మైక్రో రాశాను, పది లక్షల రెట్ల తప్పు. చదివినవారిలో ఒక్కరూ ఉత్తరం రాయకపోవడం నాకు ఇప్పటికీ చిన్నతనంగానే ఉంది.

చివరి పేరాలో సెరొటోనిన్ ఉన్నంతసేపూ తలుపు తెరిచే ఉంటుందని రాశావు. ఉండదమ్మా. సెరొటోనిన్ అంటుకునే ఉన్నా కొద్ది సెకన్లలోనే ఛానల్ స్పందించడం మానేస్తుంది, సెరొటోనిన్ కడిగివేయబడి కొంత విరామం దొరికాకే ఛానల్ మళ్లీ తెరుచుకోగలదు. ఆ పేరా తిరగరాసి పంపు.

ఆశీస్సులతో.