వెనక డోరు ప్యాడు గీతలకు 18,500 రూపాయలు పెట్టాలా?

ప్రశ్న: మాది ఏలూరు. ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ని. నెలకు 52,000 చేతికొస్తుంది. 2018 మోడల్ పెట్రోల్ స్విఫ్ట్ ఉంది, 71,000 కిలోమీటర్లు తిరిగింది. మూడు నెలల కిందట అమ్మకు తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. వారానికి మూడుసార్లు ఫిజియోథెరపీకి తీసుకెళ్తున్నాను. వాకర్ ఎక్కించడం, దించడంలో వెనక డోరు ప్యాడంతా గీతలు పడింది. డ్యాష్‌బోర్డు వెలిసినట్టుంది. తెర చుట్టూ ఉన్న మెరిసే నల్ల ప్లాస్టిక్ నిండా సన్నగీతలు. వచ్చే ఏడాది దీన్ని అమ్మేసి, అమ్మ సులువుగా ఎక్కే ఎత్తున్న కొత్త బండి తీసుకుందామని ఆలోచన. డీటెయిలింగ్ షాపులో లోపలి ప్లాస్టిక్‌లన్నీ బాగుచేసి కోటింగ్ వేయడానికి 18,500 అడిగారు. క్రెడిట్ కార్డు మీద 9 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఉందన్నారు. ఇన్సూరెన్స్‌లో క్లెయిమ్ చేసుకో, ఏదో తగిలిందని రాసిస్తే సరిపోతుందని ఒక స్నేహితుడు అంటున్నాడు. ఆపరేషన్ ఖర్చులు పోగా బ్యాంకులో 40,000 మిగిలాయి. ఏం చేయమంటారు? ఫొటోలు, పాలసీ కాపీ, షోరూమ్ కొటేషన్ జతచేశాను.

జవాబు: అమ్మగారు తొందరగా వాకర్ అవసరం లేకుండా నడవాలని కోరుకుంటున్నానండీ.

మీరు పంపిన ఫొటోల్లో మూడోదాన్ని పెద్దది చేసి చూశాను. డోరు ప్యాడు అడుగున బూడిదరంగు చారలు, వాటి పక్కనే వాకర్ కాలు కనిపిస్తున్నాయి. ఆ కాలికి రబ్బరు బుష్ లేదు. అది ఊడిపోయి అల్యూమినియం గొట్టం అంచు బయటపడింది. గీతల్లో చాలావరకు దాని పనే. గీతలు అలా ఉంచండి, బుష్ లేని కాలు తడి గచ్చు మీద సర్రున జారుతుంది. తుంటి ఆపరేషన్ అయిన మనిషి మళ్లీ పడకూడదు. ఈ జవాబు మిగతాది తర్వాత చదువుకోవచ్చు. ముందు సర్జికల్ షాపుకు వెళ్లి నాలుగు బుష్‌లూ కొత్తవి వేయించండి. గొట్టం మందం కొలుచుకుని వెళ్లండి, వదులుగా ఉంటే నెలలోపే మళ్లీ ఊడిపోతుంది.

ఇక 18,500 సంగతి. ఇప్పుడు పెట్టొద్దు. వాకర్ ఇంకా వారానికి మూడుసార్లు ఆ డోర్లోంచే ఎక్కి దిగుతోంది. ఇప్పుడు బాగుచేయించడమంటే వాన కురుస్తుండగా గోడకు సున్నం కొట్టించడమే. పైగా మీ దగ్గర మిగిలింది 40,000. మందులు, ఫిజియోథెరపీ ఇంకా నడుస్తున్న ఇంట్లో అందులో దాదాపు సగం డోరు ప్యాడుకు పోవడం నాకు అస్సలు నచ్చలేదు.

ఇన్సూరెన్స్ మాట కాస్త వివరంగా చెప్తాను, ఇలాంటి సలహా మీకొక్కరికే కాదు, చాలామందికి దొరుకుతుంది. మోటారు పాలసీలో సొంత బండి నష్టం కింద డబ్బు ఇచ్చేది ప్రమాదం, దొంగతనం, అగ్ని, వరద లాంటివి జరిగితేనే. రోజువారీ వాడకంలో పడిన అరుగుదల, గీతలు అందులోకి రావు. మూడు నెలలుగా కొద్దికొద్దిగా పడిన గీతల్ని ఒక రోజు ఏదో తగిలినట్టు రాసివ్వడం అబద్ధపు క్లెయిమ్. ఆ సంతకం మీది, స్నేహితుడిది కాదు. రేపు నిజంగా పెద్ద ప్రమాదం జరిగిన రోజున మీ మాట నమ్మకం కోల్పోయి ఉంటుంది.

సరే, నిజంగానే ఏదో తగిలి ఆ ప్యాడు పగిలిందనుకుందాం. అప్పుడైనా లెక్క చూడండి. షోరూమ్ కొటేషన్ ప్రకారం ప్యాడు 5,600, బిగింపు కూలి 800. మీ పాలసీకి జీరో డిప్రిసియేషన్ లేదు. అది లేని పాలసీల్లో ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ భాగాలకు 50 శాతం తరుగు తీసేస్తారు. ప్యాడుకు 2,800, కూలి 800, మొత్తం 3,600. 1500 సీసీ దాటని కార్లకు తప్పనిసరిగా మీరే భరించాల్సిన 1,000 తీసేస్తే చేతికి వచ్చేది 2,600.

దానికి బదులు పోయేది నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు. అది క్లెయిమ్ లేని ఒక్కో ఏడాదికీ 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. మీకిప్పుడు 35 ఉంది, వచ్చే రెన్యువల్‌కి 45 అవుతుంది. క్లెయిమ్ చేస్తే సున్నాకి పడిపోయి మళ్లీ కింది మెట్టు నుంచి ఎక్కాలి. మీ పాలసీలో తగ్గింపుకు ముందు ఓన్ డ్యామేజ్ (సొంత బండి నష్టం) ప్రీమియం 8,000 ఉంది. అదే అంకె పట్టుకుని చూస్తే మొదటి ఏడాది 3,600 నష్టం. ఆ తర్వాత వరసగా 2,400, 2,000, 1,200, 400. మొత్తం 9,600. 2,600 కోసం 9,600 వదులుకుంటామా?

ఇంకో మాట. ఈ బోనస్ బండిది కాదు, మీది. స్విఫ్ట్ అమ్మేటప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీని అడిగి నో క్లెయిమ్ బోనస్ సర్టిఫికెట్ తీసుకోండి. మూడేళ్ల వరకు చెల్లుతుంది. కొత్త బండికి ఓన్ డ్యామేజ్ ప్రీమియం ఎక్కువ, ఉదాహరణకు 18,000 ఉందనుకుంటే 45 శాతం బోనస్ ఒక్క ఏడాదికే 8,100 మిగులుస్తుంది. ఇది మాత్రం గట్టిగా కాపాడుకోండి. ఈలోగా పాత పాలసీ గడువు దాటి 90 రోజులు గడిస్తే బోనస్ మొత్తం పోతుంది. ఆస్పత్రి హడావుడిలో రెన్యువల్ తేదీ మరిచిపోవడం నేను ఎన్నో ఇళ్లలో చూశాను.

నో కాస్ట్ ఈఎంఐ పేరు చూసి ఖర్చు లేదనుకోకండి. ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది, వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. ఒక నెల బిల్లు పూర్తిగా కట్టలేకపోతే చాలా కార్డులకు నెలకు మూడున్నర శాతం, కొన్నిటికి అంతకన్నా ఎక్కువ వడ్డీ నడుస్తుంది. అసలు కొనకూడని సేవకు ఇవన్నీ ఎందుకు?

మరి బండి ఇలాగే ఉంచాలా? అక్కర్లేదు. ఒక ఆదివారం ఉదయం, 1,500 లోపు సామాన్లతో మీరే చాలావరకు బాగుచేసుకోవచ్చు. నా కారు లోపల నేనే శుభ్రం చేసుకుంటాను, అందుకే ధైర్యంగా చెప్తున్నాను.

ముందు గీతల్ని గోటితో చూడండి. గోరు గీత మీద జారిపోతే అది పైపై రాపిడి. గోరు ఆగి గాడిలో దిగితే ప్లాస్టిక్ నిజంగా తెగింది. మీ ఫొటోలో కనిపించే బూడిదరంగు చారల్లో చాలావాటికి గోరు ఆగదని నా అంచనా. అవి ప్లాస్టిక్ పోయిన చోట్లు కావు, అల్యూమినియం అంటుకున్న చోట్లు. పలక మీద బలపం గీత లాంటివే.

డ్యాష్‌బోర్డు, డోరు ప్యాడ్లలోని గట్టి ప్లాస్టిక్ ఎక్కువగా పాలీప్రొపిలీన్. నలుపు పైన పూసిన పెయింటు కాదు, ప్లాస్టిక్ ముద్దలోనే కలిపి ఉంటుంది. గీత పడ్డ చోట తెల్లగా కనబడేది రంగు పోయి కాదు. పైన ఉన్న సన్నటి గరుకు చిట్లి వెలుతురును చెదరగొట్టడం వల్ల అలా కనిపిస్తుంది. అందుకే ఎవరైనా నల్ల స్ప్రే కొట్టేస్తామంటే ఒప్పుకోకండి. ఈ ప్లాస్టిక్‌కు మామూలు పెయింటు పట్టదు, పొరలు పొరలుగా లేస్తుంది.

పద్ధతి ఇది. కారు నీడలో పెట్టి, ప్లాస్టిక్ చల్లబడ్డాక మొదలుపెట్టండి. దుమ్ము వ్యాక్యూమ్‌తో తీసేయండి. పొడిగుడ్డతో రుద్దితే ఆ దుమ్మే ఉప్పుకాగితంలా గీకుతుంది. మీ తెర చుట్టూ ఉన్న సన్నగీతలు అలా వచ్చినవే అయ్యుంటాయి. మగ్గు నీళ్లలో నాలుగు చుక్కల షాంపూ వేసి మెత్తటి బ్రష్‌తో గరుకు లోపలి మురికిని కదిలించండి. తడిపి పిండిన మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, ఇంకో పొడి గుడ్డతో ఆరబెట్టండి. అద్దాల స్విచ్‌ల మీద నీళ్లు చల్లొద్దు, తడి గుడ్డ మీదే ఉండాలి. వెలిసినట్టు కనిపించే డ్యాష్‌బోర్డు చాలాసార్లు ఇంతటితోనే నలుపెక్కుతుంది. వెలిసింది ప్లాస్టిక్ కాదు, పాత పాలిష్ జిడ్డు మీద పేరుకున్న ధూళి.

అల్యూమినియం చారలకు మ్యాజిక్ స్పాంజ్ పేరుతో దొరికే తెల్ల మెలమైన్ స్పాంజ్ తడిపి, వేలి బరువు మాత్రమే వేసి రుద్దండి. అది కూడా సన్నగా అరగదీసే వస్తువే. గట్టిగా రుద్దితే గరుకు అరిగి మెరిసే మచ్చ పడుతుంది. సీటు పక్కన కనబడని చోట ముందు ప్రయత్నించండి. మెరిసే నల్ల ప్లాస్టిక్ మీద, తెర మీద దాన్ని వాడనే వాడొద్దు. ఆ నల్ల ప్లాస్టిక్‌కైతే ప్లాస్టిక్ పాలిష్ బఠాణీ గింజంత చాలు. మైక్రోఫైబర్ మీద వేసి చిన్నచిన్న సున్నాలు చుడుతూ రుద్దండి. తర్వాత పారదర్శక ఫిల్మ్ అంటిస్తే మళ్లీ అంత సులువుగా గీతలు పడవు.

థిన్నర్, పెట్రోలు, గోళ్ల రంగు తుడిచే ద్రవం దగ్గరికి రానివ్వకండి. నా మొదటి కారులో గేరు పక్కన పెన్ను మరక పోవాలని థిన్నర్ గుడ్డతో తుడిచాను. మరకతోపాటు గరుకూ పోయింది. రూపాయి బిళ్లంత జిగట మచ్చ బండి అమ్మేదాకా అలాగే ఉండిపోయింది.

చివరగా నీటి ఆధారిత డ్రెస్సింగ్ (ప్లాస్టిక్ మీద రాసే పూత), మెరుపు లేని రకం, పల్చగా రాసి కాసేపయ్యాక గుడ్డతో అద్దండి. చిన్న తెల్లగీతలు ఇందులో కలిసిపోతాయి. శాశ్వతం కాదు, కొన్ని వారాలకోసారి మళ్లీ రాయాలి. సర్వీసింగ్‌లో ఉచితంగా కొట్టే జిడ్డు మెరుపు వద్దని చెప్పండి. దుమ్ము పట్టడమే కాక ఎండలో ముందు అద్దంలో దాని ప్రతిబింబం పడి దారి సరిగా కనబడదు. స్టీరింగ్‌కు, పెడల్స్‌కు ఏ డ్రెస్సింగూ రాయకూడదు, జారతాయి.

వీడియోల్లో హీట్ గన్‌తో గీతలు మాయం చేయడం చూసే ఉంటారు. వేడికి ప్లాస్టిక్ మెత్తబడి చిన్న గీతలు కలిసిపోయే మాట నిజమే. కానీ ఒక్క క్షణం ఎక్కువైతే గరుకు కరిగి నున్నగా అయిపోతుంది, వెనక్కి రాదు. ఎస్ఆర్ఎస్ ఎయిర్‌బ్యాగ్ అని అక్షరాలున్న చోట వేడి గాలి గానీ, గాడి నింపే ఫిల్లర్ గానీ, అంటించే కవరు గానీ వద్దే వద్దు. డబ్బు లెక్క కాదిది, ప్రాణం లెక్క.

కోటింగ్ అన్నారు కదా, ఎనిమిదేళ్లు దగ్గరపడుతున్న, ఏడాదిలో అమ్మబోయే బండికి అది నా దృష్టిలో దండగ. పార్కింగ్‌లో ముందు అద్దానికి సన్‌షేడ్ పెడితే చాలు. ఏలూరు ఎండకు ప్లాస్టిక్‌ను కాపాడేది నీడే. ఇక డోరుకు, అమ్మగారిని ఎక్కించేటప్పుడు దళసరి టవల్ ఒకటి ప్యాడు మీదుగా వేలాడదీయండి. ఆమె కూర్చున్నాక వాకర్ మడిచి డిక్కీలో పాత దుప్పటి మీద పెట్టండి. ఫిజియోథెరపిస్టు సరేనంటే ముందు సీటు బాగా వెనక్కి జరిపి అక్కడ కూర్చోబెట్టి చూడండి. కాళ్లకు చోటు ఎక్కువ దొరుకుతుంది.

అమ్మే సమయానికి ఏం చేయాలి? 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోల్ కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్తది చవకైతే పాతదాని ధరా కిందికి జరుగుతుంది. ఆ తేడాను డోరు ప్యాడు మెరుపు పూడ్చలేదు. కొనేవాళ్లు ముందు చూసేది సర్వీస్ రికార్డు, ఎన్నో యజమాని అన్నది, టైర్లు, ఇన్సూరెన్స్. బాగా శుభ్రం చేసి ఇద్దరు ముగ్గురికి చూపించండి. ఆ ఒక్క ప్యాడు వల్ల ఎంత తగ్గిస్తున్నారని సూటిగా అడగండి. 2,000 అంటే ఆ 2,000 తగ్గించుకుని అమ్మేయండి. అంతకన్నా బాగా ఎక్కువ చెబితే విజయవాడ ఆటోనగర్‌లో పాత ప్యాడు వెతకండి. 2018 మోడల్‌దే, అదే రంగు, అదే వైపు డోరుది కావాలి. పాతది ఊడదీసేటప్పుడు ప్లాస్టిక్ క్లిప్పులు విరుగుతాయి, కొత్త క్లిప్పులు వెంట తీసుకెళ్లండి. లేకపోతే డోరు వేసినప్పుడల్లా గలగలమంటుంది.

ఈఎంఐకి సిద్ధపడ్డారు కాబట్టి నెలకు 2,055 మీ జీతంలో సర్దుబాటవుతుందన్నమాట. అదే మొత్తాన్ని జీతం పడిన మర్నాడే మీ బ్యాంకులో ఆర్డీకి (రికరింగ్ డిపాజిట్‌కి) వెళ్లేలా పెట్టండి. తొమ్మిది నెలలకు దాదాపు 18,500, పైన కొంచెం వడ్డీ. మధ్యలో అమ్మగారి వైద్యానికి అవసరమైతే నిస్సంకోచంగా తీసేయండి, అప్పుడు పోయేది వడ్డీలో కొంత మాత్రమే. అవసరం పడకపోతే కొత్త బండి డౌన్ పేమెంట్‌లో కలపండి. షోరూమ్‌కు వెళ్లే రోజు అమ్మగారిని కూడా తీసుకెళ్లి, బేరానికి ముందే ప్రతి బండిలోనూ ఒకసారి ఎక్కించి దించి చూడండి.