పొడవు ఎక్కువైన రా డెనిమ్

ప్రశ్న: జపాన్‌లోని కొజిమాలో కుట్టిన రా డెనిమ్ (తయారయ్యాక ఒక్కసారీ ఉతకని డెనిమ్) జీన్స్ తెప్పించుకున్నాను. నడుం బిగుతు, పొడవు మాత్రం 3 అంగుళాలు ఎక్కువ. కత్తిరించి కుట్టించమంటారా?

జవాబు: అప్పుడే కత్తెర పెట్టించకండి. శాన్‌ఫరైజ్డ్ బట్టయితే, అంటే మిల్లులోనే ముందుగా ముడుచుకునేలా చేసినదైతే, ఉతికాక 1-3 శాతమే ముడుచుకుంటుంది. అన్‌శాన్‌ఫరైజ్డ్ అయితే 10 శాతం దాకా పోవచ్చు. 34 అంగుళాల కాలు 31కి దిగినా ఆశ్చర్యం లేదు. నడుం తొడుగుతుంటే మళ్లీ అంగుళం దాకా సాగుతుంది, పొడవు సాగదు. బొత్తం అసలే పడకపోతే తడపకముందే సైజు మార్చుకోండి, తడిపాక దుకాణాలు వాపసు తీసుకోవు.

పడితే సరే. తిరగేసి, బొత్తాలు పెట్టి, 40 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో 45 నిమిషాలు నానబెట్టండి. సబ్బు వద్దు. పైకి తేలిన భాగం సరిగా ముడుచుకోదు, అందుకే బరువు పెట్టాలి. నీళ్లు నీలంగా మారతాయి, కంగారుపడకండి. పిండకుండా నీడన ఆరేసి, ఆరాకే అంచు కుట్టించండి. కొన్నాళ్లు తెల్ల సోఫాల జోలికి వెళ్లకండి!