పెరడంతా టేకు వేయాలా?

ప్రశ్న: మాది వర్షాధార సేద్యం. ఇంటి చుట్టూ 20 సెంట్ల ఖాళీ జాగా ఉంది. నూటికి నెలకు 2 వడ్డీతో తెచ్చిన అప్పు కొంత మిగిలింది. పెరడంతా టేకు వేస్తే పదేళ్ళలో పాప చదువుకు అందివస్తుందంటున్నారు. మొక్కలకూ కంచెకూ ఇంకొంత అప్పు తేవచ్చా?

జవాబు: అప్పు తేవద్దు, పెరడంతా టేకూ వేయొద్దు. మీ వడ్డీ ఏడాదికి 24 శాతం. కట్టకుండా వదిలేస్తే ఏడాదికోసారి వడ్డీ మీద వడ్డీ చేరి మూడేళ్ళు దాటిన కొద్ది నెలలకే అసలు రెట్టింపవుతుంది. అంటు మామిడి కూడా అప్పటికి చెప్పుకోదగ్గ కాపుకు రాదు.

టేకు సంగతి. పదేళ్ళ మానులో చేవ (లోపలి గట్టి చెక్క) తక్కువ, తెల్లచెక్క ఎక్కువ. ఫీజు గడువు తరుముతుంటే కొనేవాడు అడిగిన ధరకే ఇవ్వాల్సి వస్తుంది. మంచి చేవకు 20 ఏళ్ళు ఆగాలి. ఏడాదికి 10 శాతం వడ్డీ లెక్కన, 20 ఏళ్ళ తర్వాత చేతికొచ్చే 100 రూపాయలు ఇవాళ్టి 15 రూపాయలతో సమానం. అప్పు తీరాక చదువు సొమ్మును నెలనెలా వేరే పొదుపులో వేయండి. టేకును ఇంటి దూలాలకో, పెద్ద ఆపదకో ఉంచుకోండి.

పెరటి చెట్లు రైతు ఇంటిని నిలబెట్టేది ఒక్కసారి వచ్చే పెద్ద మొత్తంతో కాదు. కొనాల్సిన సరుకు కొనకపోవడంతోనూ, పొలంలో ఏమీ రాని నెలల్లో నాలుగు డబ్బులు రావడంతోనూ. అందుకే మొక్కల్ని కాపుకొచ్చే కాలం చూసి ఎంచుకోవాలి: ఆకుకూరలు నెలకు, విత్తన మునగ 6 నుంచి 8 నెలలకు, బొప్పాయి, అరటి ఏడాదిలోపు, నిమ్మ, అంటు మామిడి మూడు నాలుగేళ్ళ నుంచి, పొడవు రకం కొబ్బరి 6, 7 ఏళ్ళకు.

20 సెంట్లంటే సుమారు 800 చదరపు మీటర్లు. ఉత్తరపు హద్దుకు రెండు మీటర్లు లోపలగా, 3 మీటర్ల ఎడంతో 8 టేకు మొక్కలు చాలు. నీడ చాలావరకు కూరమళ్ళ మీద పడదు. నాలుగు కొబ్బరి 7.5 మీటర్ల ఎడంతో, రెండు మామిడి, ఒక నిమ్మ. వీటి మధ్య ఖాళీల్లో మునగ, అరటి, బొప్పాయి. మునగను మూడడుగుల ఎత్తులో తలతుంచితే కొమ్మలు గుబురుగా వస్తాయి. నీళ్ళు నిలిచే చోట పెడితే వేరు కుళ్ళి చచ్చిపోతుంది.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. మొదటి రెండేళ్ళు ఖాళీ బోలెడు కనిపిస్తుంది, దగ్గర దగ్గరగా నాటేస్తారు. నాలుగో ఏడు కొమ్మలు కలిసిపోయి కింద వంగా పండదు, బెండా పండదు. మధ్యలో వేసినవాటిని నాలుగైదేళ్ళకు తీసేయాలని నాటిన రోజే అనుకోండి. తర్వాత ఆ నీడలో పసుపు, కంద, అల్లం వేసుకోవచ్చు.

ఖర్చులో ముందు నిలవాల్సింది కంచె. మేక ఒక్క పూట దూరితే ఏడాది శ్రమ పోతుంది. వానాకాలం మొదట్లో గ్లిరిసిడియా కొమ్మలు పాతితే చిగురించి సజీవ కంచె అవుతుంది, రొట్ట ఎరువూ ఇస్తుంది. ఆ తర్వాత నీళ్ళు: కాపుకొచ్చిన ఒక్కో కొబ్బరి చెట్టుకు వేసవిలో రోజుకు 40 లీటర్లకు తగ్గకూడదు. అన్ని నీళ్ళు లేకపోతే కొబ్బరి రెండుకు తగ్గించండి. స్నానాల నీళ్ళు అరటికి మళ్ళించండి, ఆకుకూరలకు వద్దు.

టేకు నరకడానికీ తరలించడానికీ చాలా చోట్ల అనుమతి కావాలి. నాటకముందే అటవీ కార్యాలయంలో అడిగి, మొక్కలు కొన్న రసీదు దాచండి.

పెరటి పని చాలా ఇళ్ళలో ఆడవాళ్ళదే. అమ్మిన డబ్బూ వాళ్ళ ఖాతాలోనే పడాలి. లేకపోతే నీళ్ళు మోసే ఓపిక ఎన్నాళ్ళో నిలవదు. ఒక నోటుపుస్తకం పెట్టి, అమ్మినదానితో పాటు ఇంట్లో తిన్నదాన్నీ అంగడి ధరకు రాయండి. తిన్నది కూడా కొనకుండా మిగిలిన డబ్బే కాబట్టి, నెలాఖరున ఆ రెండింటి మొత్తాన్ని అప్పు అసలుకు జమకట్టండి. అప్పు తీరాక ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో నిలవ చేసి, ఆపైన మిగిలింది పాప చదువుకు మళ్ళించండి.