అనుమానం మాత్రమే ఉంటే టీచర్ ఫిర్యాదు చేయాలా?

"ఆరో తరగతి పాపపై లైంగిక వేధింపు జరుగుతోందని అనుమానం. రుజువు లేదు, ఏం చేయాలి?" అని అడిగారు. చెప్పాలండీ, ఆలస్యం చేయకుండా. రుజువులు వెతకడం పోలీసుల పని, మీది కాదు.

పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం (2012) 19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చని భయం కలిగినా ఎవరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలి. నేరం జరిగిందని తెలిసీ దాచిపెడితే ఆరు నెలల వరకు జైలు, జరిమానా, లేదా రెండూ. సంస్థను నడిపే వ్యక్తి తన కింద పనిచేసేవాళ్ల నేరాన్ని దాస్తే ఏడాది వరకు జైలు, జరిమానా. "స్కూల్ పరువు పోతుంది" అన్న మాట అక్కడ చెల్లదు. మహారాష్ట్రలో హాస్టల్ బాలికలకు వైద్యం చేసి కూడా వాళ్లపై జరిగిన నేరాన్ని పోలీసులకు చెప్పలేదని ఒక డాక్టర్‌పై పెట్టిన కేసును హైకోర్టు కొట్టేస్తే, 2022లో సుప్రీంకోర్టు దాన్ని తిరిగి నిలబెట్టింది.

మీ అనుమానం తప్పని తేలినా, మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్లకు చట్టం రక్షణ ఇస్తుంది. ఆ టెన్షన్ వద్దు.

నిన్నటిదాకా ముందు బెంచీలో గలగలా మాట్లాడిన పిల్ల వెనక మూలకు చేరడం, చివరి గంట కొట్టినా బ్యాగు సర్దకుండా కూర్చోవడం... ఇవి చాలా కారణాల వల్ల జరగొచ్చు. పక్కన కూర్చుని మెల్లగా అడగండి. చెబితే వినండి, పదేపదే తవ్వకండి. "ఎవరికీ చెప్పను" అని మాత్రం మాటివ్వకండి.

పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు. పాప వాంగ్మూలాన్ని ఇంటి దగ్గర గానీ, పాప కోరుకున్న చోట గానీ, పోలీసులు యూనిఫాం వేసుకోకుండా తీసుకోవాలి. పేరు బయటపెట్టకూడదు, స్టాఫ్‌రూంలో కూడా.