ఓట్స్ బేక్ మంచిదే, కానీ అల్పాహారాన్ని చూసి షుగర్ మాత్ర మానేయకూడదు

ప్రశ్న: నేనూ మా వారూ ఉద్యోగాలకు వెళ్తాం. పొద్దుటి హడావిడి తగ్గుతుందని ఆదివారం సాయంత్రమే ఓట్స్, పాలు, గుడ్లు, అరటిపండ్లు, కిస్‌మిస్, ఒక్కో ట్రేకు అరకప్పు తేనె కలిపి ఓవెన్‌లో బేక్ చేసి, ముక్కలు కోసి ఫ్రిజ్‌లో పెడుతున్నాను. శుక్రవారం వరకూ ఇంట్లో అందరం అదే తింటున్నాం. 7 ఏళ్ల పాప, 10 నెలల బాబు, థైరాయిడ్ మాత్ర వాడే మా అత్తగారు కూడా మాతోనే ఉంటారు. మా వారికి 4 ఏళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిసిన మాత్ర పొద్దున వేసుకుంటారు. ఓట్స్ తింటున్నాం కదా అని కొన్ని రోజులు ఆ మాత్ర మానేస్తున్నారు. మాత్ర వేసుకుని సగం ముక్కే తిని వెళ్లిన రోజుల్లో 11 గంటల ప్రాంతంలో చెమటలు పట్టి, చేతులు వణుకుతున్నాయని అంటున్నారు. గ్యాస్ అనుకుంటున్నాం. ఈ ఓట్స్ బేక్ ఎన్ని రోజులు నిల్వ ఉంటుంది? ఏ పండ్లు వేస్తే ఆరోగ్యానికి మంచిది?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు అడిగిన రెండు ప్రశ్నలకూ సమాధానం చెబుతాను. అయితే మీరు అడగకుండా మధ్యలో రాసిన రెండు విషయాలు నన్ను ఎక్కువగా కలవరపెట్టాయి కాబట్టి ముందు వాటి గురించే రాయవలసి వస్తోంది.

మొదటిది మీ బాబు సంగతి. ఏడాది నిండని పిల్లలకు తేనె ఏ రూపంలోనూ పెట్టకూడదు. తేనెలో క్లోస్ట్రిడియం బొట్యులినం అనే బ్యాక్టీరియా బీజాలు ఉండే అవకాశం ఉంది. పెద్దవాళ్ల పేగులు వాటిని ఎదగనివ్వవు గానీ, పసిపిల్లల పేగుల్లో అవి మొలకెత్తి నరాలను దెబ్బతీసే విషాన్ని తయారు చేయగలవు. ఓవెన్‌లో ఉడికింది కదా, ఇక భయమేమిటని చాలామంది అనుకుంటారు. ఓవెన్ 180 డిగ్రీల మీద ఉన్నా, తడిగా ఉండే ఆ ముక్క లోపలి భాగం 100 డిగ్రీలు దాటదు, ఆ వేడికి ఈ బీజాలు చావవు. ఇప్పటివరకూ తిన్న బాబు హుషారుగా ఉంటే కంగారు పడనక్కర్లేదు, ఇక మీదట ఆపేస్తే చాలు. కానీ బాబుకు కొత్తగా మలబద్ధకం రావడం, ఏడుపు గొంతు సన్నబడటం, పాలు సరిగా తాగలేకపోవడం, కనురెప్పలు వాలిపోవడం, మెడ నిలపలేకపోవడం, ఒళ్లు పట్టు తప్పినట్టు ఉండటం వంటివి కనిపిస్తే, మర్నాటి వరకూ ఆగకుండా వెంటనే పిల్లల డాక్టరు ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లి, తేనె తిన్న విషయం తప్పక చెప్పండి.

రెండోది మీ వారి చెమటలు, వణుకు. మీ వారిని పరీక్షించకుండా ఇది ఫలానా జబ్బేనని నేను తేల్చి చెప్పలేను. కానీ గ్లిమెపిరైడ్ వేసుకున్న మనిషి తక్కువ తిని బయటికి వెళ్లినప్పుడు, రెండు మూడు గంటలకు చెమట పట్టి చేతులు వణికాయంటే, వేరే కారణమని రుజువయ్యే వరకూ దాన్ని రక్తంలో చక్కెర పడిపోవడంగానే భావించాలి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారిలో ఇలా జరగడం అరుదు. గ్లిమెపిరైడ్ పనితీరు వేరు. తిన్నది ముక్కా, అరముక్కా అన్న లెక్క దానికి లేదు, లోపలికి వెళ్లిందంటే క్లోమ గ్రంథి చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. అందుకే దాన్ని కడుపు నిండా తినే అల్పాహారంతో వేసుకోమని చెబుతాం. కొత్తగా పీచు పదార్థం ఎక్కువ తినేవారికి మొదట్లో కడుపు ఉబ్బరంగా ఉండటం, గ్యాస్ రావడం నిజమే. కానీ గ్యాస్ వల్ల చేతులు వణకవు, చొక్కా తడిసేలా చెమట పట్టదు.

అలా అనిపించిన క్షణంలో గ్లూకోమీటర్ దగ్గర ఉంటే చూసుకోవాలి. 70 మిల్లీగ్రాములకు తక్కువ ఉన్నా, మీటరు అందుబాటులో లేకపోయినా, 15 గ్రాముల గ్లూకోజ్ పొడిని గానీ, మూడు నాలుగు చిన్న చెంచాల చక్కెరను గానీ నీళ్లలో కలిపి వెంటనే తాగాలి. 15 నిమిషాల తర్వాత మళ్లీ పరీక్షించి, ఇంకా తక్కువగానే ఉంటే ఇంకోసారి తాగాలి. కుదుటపడిన తర్వాతే భోజనమో, అల్పాహారమో తినాలి. ఆ సమయంలో డబ్బాలో ఉన్న ఓట్స్ ముక్క తింటే సరిపోతుందనుకోవద్దు. పీచు, కొవ్వు, మాంసకృత్తులు కలిసిన ఆహారం నుంచి చక్కెర నెమ్మదిగా రక్తంలోకి చేరుతుంది. మామూలు రోజుల్లో మనకు మేలు చేసే ఆ గుణమే అప్పుడు ఆలస్యానికి కారణమవుతుంది. మనిషి మగతగా ఉండి మింగలేని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పోయకుండా అంబులెన్స్ పిలవాలి. గ్లిమెపిరైడ్ ప్రభావం చాలా గంటలు ఉంటుంది కాబట్టి ఒకసారి తేరుకున్నాక కూడా చక్కెర మళ్లీ పడిపోవచ్చు. తీవ్రంగా పడిపోయినవారిని ఆసుపత్రిలో ఉంచి గమనించవలసి రావడానికి కారణం ఇదే. డాక్టరును కలిసే వరకూ మీ వారు పొద్దుటిపూట సగం తిని, బండి నడుపుతూ ఆఫీసుకు వెళ్లడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు.

ఇంకో మాట. చెమట పట్టిన సమయంలో మీటరు మామూలుగా చూపిస్తుంటే, లేదా చెమటతో పాటు ఛాతీలో బరువు, దవడలోనో ఎడమ చేతిలోనో నొప్పి, ఆయాసం ఉంటే, అప్పుడు కూడా గ్యాస్ మాత్ర వేసుకుని పడుకోకూడదు. షుగర్ ఉన్నవారిలో గుండెపోటు పెద్ద నొప్పి లేకుండా కూడా వస్తుంది. నేరుగా ఆసుపత్రికి వెళ్లి ఈసీజీ తీయించుకోవాలి.

ఇక మాత్ర మానేయడం గురించి. అమ్మా, ఈ ఒక్క విషయంలో మిమ్మల్నిద్దరినీ కాస్త మందలించక తప్పదు. మంచి ఆహారం తిన్న రోజు మాత్ర అక్కర్లేదనీ, పెళ్లి భోజనం చేసిన రోజు రెండు వేసుకోవచ్చనీ ఎవరికి వారు లెక్కలు వేసుకోవడం నేను నా గదిలో తరచూ చూసే పొరపాటు. అలా వచ్చేవారి చీటీలో షుగర్ అంకెలు ఒకరోజు పైకి, ఒకరోజు కిందికి ఊగిసలాడుతుంటాయి. వాటిని చూసి మందు పనిచేయడం లేదని డోసు పెంచాలో, ఎక్కువైందని తగ్గించాలో డాక్టరుకు కూడా అంతుపట్టదు. ఓట్స్ తింటే తిన్న తర్వాత చక్కెర పెరిగే వేగం కొంత తగ్గవచ్చు గానీ, రాత్రంతా కాలేయం విడుదల చేసే చక్కెరను పొద్దుటి ఓట్స్ ఆపలేవు. మెట్‌ఫార్మిన్ ప్రధానంగా చేసే పని అదే. ఓట్స్‌లోని బీటా గ్లూకాన్ అనే పీచు రోజుకు 3 గ్రాములు అందితే చెడు కొలెస్ట్రాల్ కొంత తగ్గుతుందన్నది నిజం. అయితే ఒక ముక్కలో ఉండే 30, 35 గ్రాముల ఓట్స్ నుంచి అందేది అందులో సగానికి కూడా చేరదు. ఇది మంచి ఆహారమే గానీ మందుకు బదులు కాదు.

అదే సమయంలో, మీ వారికి గ్లిమెపిరైడ్ డోసు ఇప్పుడు ఎక్కువవుతోందేమో కూడా చూడాలి. బరువు తగ్గినా, తిండి మారినా, మూత్రపిండాల పనితీరు మందగించినా అలా జరుగుతుంది. కాబట్టి తగ్గించవలసిన అవసరం నిజంగానే ఉండవచ్చు. కానీ ఆ నిర్ణయం రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ, మూత్రపిండాల పనితీరును చెప్పే సీరం క్రియాటినిన్ పరీక్షలు చూసి, మందు రాసిన డాక్టరే తీసుకోవాలి. ఈ జవాబు చదివి మీరుగా డోసు మార్చవద్దు. ఈ వారంలోనే వెళ్లండి. వెళ్లేటప్పుడు మాత్రల స్ట్రిప్పు, పరగడుపున, తిన్న రెండు గంటల తర్వాత, వణుకు వచ్చినప్పుడు చూసిన అంకెలు, ఏయే రోజుల్లో మాత్ర మానేశారన్న వివరం తీసుకెళ్లండి. మానేసిన సంగతి డాక్టరు దగ్గర దాచడం వల్లే అనవసరంగా డోసు పెరుగుతుంది. కలిసే లోపు మళ్లీ చెమట, వణుకు వస్తే తర్వాతి మాత్ర వేసుకునే ముందే ఆ డాక్టరుకు ఫోన్ చేసి అడగండి.

ఇప్పుడు పండ్ల సంగతికి వస్తాను. మీరు కొలతలన్నీ రాయలేదు. 200 గ్రాముల ఓట్స్, అర లీటరు పాలు, రెండు గుడ్లు, రెండు అరటిపండ్లు, అరకప్పు కిస్‌మిస్, అరకప్పు తేనెతో చేసి 6 ముక్కలు కోశారనుకుంటే, ఒక్కో ముక్కలో సుమారు 70 గ్రాముల పిండి పదార్థం ఉంటుంది. అరకప్పు తేనె తూకంలో 170 గ్రాముల వరకూ వస్తుంది. దానివల్లే ఒక్కో ముక్కలోకి 23 గ్రాముల చక్కెర చేరుతోంది. తేనె, కిస్‌మిస్ తీసేస్తే అదే ముక్కలో పిండి పదార్థం 35 గ్రాములకు దిగుతుంది. ఓట్స్ పేరు చెప్పుకుని ఇంట్లో అందరూ తీపి పదార్థం తింటున్నారని దీన్నిబట్టి మీకే అర్థమవుతుంది. బాగా మాగిన అరటిపండు ఒకటి మెదిపి కలిపి, రెండో దాని బదులు తొక్కతో సహా తురిమిన ఆపిల్ గానీ, పియర్ గానీ, గుప్పెడు బెర్రీలు గానీ వేసి, దాల్చినచెక్క పొడి చల్లితే ఆ తీపి సరిపోతుంది. రెండు వారాల్లో నాలుకకు అలవాటవుతుంది. ఓట్స్ కొనేటప్పుడు రేకుల్లా కనిపించే రోల్డ్ ఓట్స్ తీసుకోండి. నిమిషంలో ఉడికే ఇన్‌స్టంట్ ఓట్స్ రక్తంలో చక్కెరను త్వరగా పెంచుతాయి. బేకింగ్ పౌడరులో సోడియం ఉంటుంది కాబట్టి రక్తపోటు ఉన్నవారి ఇంట్లో అది వేసినప్పుడు వేరే ఉప్పు వేయనక్కర్లేదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం అరటిపండు, ఓట్స్ ఎంత తినవచ్చో తమ డాక్టరును అడిగి తెలుసుకోవాలి.

180 డిగ్రీల వద్ద 35 నుంచి 40 నిమిషాలు పడుతుంది. పండ్లు ఫ్రీజర్ నుంచి తీసినవైతే నీరు వదులుతాయి, ఇంకో 5, 10 నిమిషాలు ఉంచాలి. అంచులు ఎర్రబడ్డాయని తీసేయకండి. ట్రే కదిపితే మధ్యభాగం తొణకకూడదు, నడిమధ్యలో గుచ్చిన చాకుకు పచ్చి పిండి అంటకూడదు. గుడ్డు ఉన్నందున ఇది రుచికి సంబంధించిన విషయం మాత్రమే కాదు.

నిల్వ విషయంలో మీ పద్ధతి కొంత మార్చుకోవాలి. ఆదివారం సాయంత్రం చేసినది ఫ్రిజ్‌లో 4 డిగ్రీలు, అంతకంటే తక్కువ చల్లదనంలో 3, 4 రోజులు బాగుంటుంది. అంటే బుధవారం వరకూ ధీమాగా తినవచ్చు. గురు, శుక్రవారాల ముక్కలను ఆదివారం రాత్రే విడివిడిగా చుట్టి ఫ్రీజరులో పెట్టి, ముందురోజు రాత్రి కింది ఫ్రిజ్‌లోకి మార్చుకోండి. బుధవారం దాకా ఫ్రిజ్‌లో ఉంచి, మిగిలినవాటిని అప్పుడు ఫ్రీజరులో పెడితే ప్రయోజనం ఉండదు. చల్లారాలని ట్రేను రాత్రంతా పొయ్యి గట్టు మీద వదిలేయడం మరీ ప్రమాదకరం. ముక్కలు కోసి పరిచి, రెండు గంటల లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. ధాన్యాలతో చేసిన తడి పదార్థాల్లో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు వంట వేడికి తట్టుకుని మిగులుతాయి. గది వేడిలో అవి పెరిగి తయారు చేసే, వాంతులు కలిగించే విషం తర్వాత ఎంత వేడి చేసినా పోదు. పొద్దున మళ్లీ వేడి చేస్తాంలే అన్న ధైర్యం పనికిరాదు. తినే ముందు లోపలి వరకూ పొగలు వచ్చేలా వేడి చేయండి, ఒకసారి వేడి చేసిన ముక్కను తిరిగి ఫ్రిజ్‌లో పెట్టకండి.

బాబుకు తేనె, చక్కెర, ఉప్పు లేకుండా చిన్న గిన్నెలో విడిగా చేసి, ఆ రోజుకో మర్నాటికో సరిపడా ఉంచుకుని మిగతాది ఫ్రీజరులో పెట్టండి. గుడ్డు, పాలు, గోధుమ వంటివి ఇంతకు ముందు ఇబ్బంది లేకుండా తిన్నాడా లేదా అన్నది చూసుకోండి. కిస్‌మిస్, పచ్చి ఆపిల్ ముక్కలు, గింజలు గొంతుకు అడ్డుపడతాయి కాబట్టి పండును ఉడికించి మెదిపే కలపాలి. బాదం, అక్రోటు వంటివి 5 ఏళ్లు నిండే వరకూ పొడి రూపంలోనే పెట్టాలి. పాపకు ఇబ్బంది ఏమీ లేదు, ముక్కతో పాటు ఒక నారింజో, నాలుగు స్ట్రాబెర్రీలో ఇస్తే ఓట్స్‌లోని ఇనుము ఒంటికి మెరుగ్గా పడుతుంది.

చివరగా మీ అత్తగారి థైరాయిడ్ మాత్ర. లీవోథైరాక్సిన్‌ను పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, అల్పాహారానికి కనీసం 30 నిమిషాలు, వీలైతే గంట వ్యవధి ఇవ్వాలి. పీచు ఎక్కువగా ఉన్న ఆహారం, పాలు, కాఫీ ఆ మాత్ర శోషణను తగ్గిస్తాయి. ఆమె క్యాల్షియం, ఐరన్ మాత్రలు కూడా వాడుతుంటే వాటికీ దీనికీ 4 గంటల ఎడం ఉండాలి. ఇన్నాళ్లూ మాత్ర, ఓట్స్ ఒకేసారి తీసుకుని ఉంటే, వ్యవధి పాటించడం మొదలుపెట్టిన 6 నుంచి 8 వారాల తర్వాత థైరాయిడ్ మందు సరిపోతోందో లేదో చెప్పే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించి, ఆమెకు మందు రాసిన డాక్టరుకు చూపించండి. ఈలోగా గుండె దడ, నిద్ర పట్టకపోవడం వంటివి మొదలైతే పరీక్ష ముందుగానే చేయించాలి.