పాలకూరకు పెరుగు, మునగాకుకు చీనీ

అనంతపురం

చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

హిమోగ్లోబిన్ తొమ్మిదిన్నర వచ్చిందని, రోజూ ఆకులు, పండ్లు కలిపి తిప్పిన గ్రీన్ స్మూతీ తాగుతానని, కేల్ ఆకు ఆన్‌లైన్లో తెప్పించుకోమంటావా అని అడిగావు. కేల్ వద్దమ్మా. ఎక్కడి నుంచో వాడిపోయి వచ్చే ఆకుకి అంత డబ్బు పోయడమెందుకు? కడపలో పొద్దున్నే రైతుబజారుకు వెళితే అంతకన్నా తాజా ఆకు దొరుకుతుంది. ఇన్నేళ్లు పిల్లలకు హోం సైన్స్ పాఠాలు చెప్పినదాన్ని, ఈ విషయం నీకు వివరంగా రాయాలనిపించింది.

ముందు ఒకటి. ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12 ఉండాలి. నీకున్న లోటు ఈ గ్లాసుతో తీరదు. డాక్టరమ్మ రాసిన ఐరన్ మాత్రలు మానకు. ఈ స్మూతీ వాటికి తోడు మాత్రమే.

అందరూ పాలకూరనే వేస్తారు, మెత్తగా నలుగుతుందని, వాసన ఉండదని. అందులో ఐరన్ ఉంది, నిజమే. కానీ ఐరన్, కాల్షియం లాంటివాటిని పట్టేసుకునే ఆక్సలేట్లు కూడా బాగా ఉంటాయి, ఆ ఐరన్ మన ఒంటికి పట్టేది తక్కువ. నీ అవసరానికి మునగాకు మేలు. లేతది చూసి కోసుకో, ముదురాకు చేదుగా ఉంటుంది. ఈనెలు తీసేసి దూసిన ఆకు ఒక గుప్పెడు చాలు. మొదటి వారం అందులో సగమే వెయ్యి, ఒక్కసారిగా ఎక్కువ తాగితే కడుపు కదులుతుంది.

మునగాకుకు జోడీ చీనీకాయ, అదే బత్తాయి. ఆకుల్లోని ఐరన్ ఒంటికి పట్టాలంటే సి విటమిన్ పక్కనే ఉండాలి. మన అనంతపురం, కడప తోటల్లో చీనీకి కొదవా? రెండు కాయలు ఒలిచి, తొనల మీది పొర, గింజలు పూర్తిగా తీసెయ్. ఓపిక లేదని పొరతో పాటు వేశావంటే కాసేపటికి చేదెక్కుతుంది. కాయను నలిపాక ఆ పొరల్లో, గింజల్లో ఉన్న ఒక పదార్థం మెల్లగా చేదుగా మారుతుంది. చీనీ రసం తీసిన వెంటనే తాగమనేది అందుకే. పొద్దున చేసి ఫ్రిజ్‌లో పెట్టి సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక తాగుదామనుకోకు. చీనీ దొరకని రోజు జామకాయ వెయ్యి. సి విటమిన్‌లో జామ చీనీని మించిపోతుంది.

చేసే పద్ధతి చెప్తాను. ఆకును రెండు మూడు నీళ్లలో కడుగు. మురుగు పక్కన పెంచిన ఆకు కూడా బజారుకొస్తుంది కాబట్టి, మరుగుతున్న నీళ్లలో ఒక నిమిషం ముంచి తీస్తే ఇంకా నిశ్చింత. పచ్చివాసన కూడా పోతుంది. రాత్రి నానబెట్టిన శెనక్కాయ విత్తనాలు ఒక చెంచా, చిన్న అల్లం ముక్క, ఆకు, కాసిన్ని నీళ్లు చట్నీ జార్‌లో వేసి ముందు మెత్తగా తిప్పు. ఆ తర్వాతే చీనీ తొనలు, సగం అరటిపండు. అన్నీ ఒకేసారి వేస్తే పండు ముద్దయిపోయి ఆకు పీచులా మిగిలిపోతుంది, గొంతులో తగులుతుంది. శెనక్కాయలు చిక్కదనానికే అనుకోకు. ఆకులోని ఎ విటమిన్ ఒంటికి పట్టడానికి కాస్త నూనె పదార్థం కావాలి. చక్కెర వద్దు, తేనె వద్దు. వడకట్టొద్దు.

ఇందులో పాలు, పెరుగు పోయొద్దు. పాలలోని కాల్షియం ఐరన్‌ను సరిగా పట్టనివ్వదు. కాఫీ, టీ కూడా గంట ఆగి తాగు. మీ ఇంట్లో ఉగ్గాని తినగానే టీ తాగే అలవాటుందని నాకు తెలుసు, అది మార్చుకోవడం ఈ స్మూతీ కంటే ఎక్కువ పని చేస్తుంది.

అయితే పాలకూరకు ఇదే పెరుగు మంచి తోడు. కాల్షియం కడుపులోనే ఆక్సలేట్లను పట్టేసుకుంటుంది, అవి కిడ్నీ దాకా పోవు. పాలకూరను మరిగే నీళ్లలో ముంచి, ఆ నీళ్లు పారబోసి, ఆకును చిక్కటి పెరుగు, కీరా ముక్కలు, నాలుగు పుదీనా ఆకులు, చిటికెడు వేయించిన జీలకర్ర, ఉప్పుతో కలిపి తిప్పు. తియ్యగా కాక మజ్జిగలా ఉంటుంది. కడప ఎండల్లో మీ ఆయనకు ఇదే నచ్చుతుంది. వారంలో రెండు రోజులు చాలు, మిగతా రోజులు మునగాకు, కొత్తిమీర మార్చి మార్చి వెయ్యి. చుక్కకూర, గోగాకు మాత్రం పప్పులోకి, ఊరిమిండి పచ్చడిలోకి ఉండనీ. ఆ పులుపూ ఆక్సలేట్లూ పచ్చిగా గ్లాసులో పోసుకునేవి కావు.

మీ మామగారికి కిడ్నీలో రాళ్లు వచ్చాయన్నావు. ఆయనకు పాలకూర, తోటకూర స్మూతీ ఇవ్వొద్దు. ఇంట్లో అందరికీ ఒకే జార్‌లో చేసి పంచడం మనకు అలవాటు, ఇక్కడ అది పనికిరాదు. మీ అత్తగారు గుండె ఆపరేషన్ తర్వాత రక్తం గడ్డకట్టకుండా మాత్ర వేసుకుంటున్నారు కదా, ఆ మాత్ర వార్ఫరిన్ లాంటిదైతే ఉన్నట్టుండి ఆకుకూరలు పెంచితే దాని పని దెబ్బతింటుంది, ఆకుల్లో కె విటమిన్ ఎక్కువ. డాక్టరును అడగకుండా ఆవిడకు గ్లాసు అందించకు.

ఇంకొకటి, దీన్ని తాగి టిఫిన్ మానెయ్యకు. నీరసంగా ఉన్న మనిషివి, కడుపు మాడ్చుకుంటే ఎలా? మధ్యాహ్నం పప్పులో, కూరలో కూడా ఆకుకూర ఉండాలి.

ఈ ఆదివారం తమ్ముడు కడపకు వస్తున్నాడు, లేత మునగాకు కట్ట, డజను చీనీకాయలు పంపుతున్నా. ఆకును తడి లేకుండా గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టు, రెండు మూడు రోజుల్లో వాడెయ్యి. మూడు నెలల తర్వాత మళ్లీ రక్తపరీక్ష చేయించుకుని ఎంత వచ్చిందో ఫోన్ చేసి చెప్పు.

పెద్దమ్మ