సదస్సుకు వెళ్లే ముందు: డిజిటల్ విజిటింగ్ కార్డు గురించి మేనకోడలికి లేఖ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

ఉద్యోగంలో చేరాక మొదటిసారి పెద్ద సదస్సుకు వెళ్తున్నావని, విజిటింగ్ కార్డులు కాగితం మీద అచ్చు వేయించుకోవాలా, ఫోన్‌లో డిజిటల్ కార్డు ఉంటే చాలునా అని అడుగుతూ నువ్వు రాసిన ఉత్తరం అందింది. డిజిటల్ కార్డే తయారు చేసుకో. అయితే ఏ యాప్ మంచిదన్న ప్రశ్న దగ్గరే ఆగిపోవద్దు. నేను చూసినంతమటుకు, తమ కార్డు ఎదుటివారి ఫోన్‌లోకి చేరగానే పని పూర్తయిందని చేతులు దులుపుకునేవారే సదస్సుల్లో ఎక్కువ. నీ వివరాలు వారి దగ్గర ఉండడం మంచిదే కాని, వారి వివరాలు నీ దగ్గర ఉండడం అంతకంటే ముఖ్యం, ఎందుకంటే తరువాత పలకరించవలసిన అవసరం, చొరవ రెండూ నీవే. ఇకపై రాసినదంతా ఈ సంగతి మనసులో పెట్టుకుని చదువు.

కార్డును పరికరం నుంచి పరికరానికి పంపుకోవడం నిన్న మొన్న పుట్టిన ఆలోచన కాదు. 1998లో వచ్చిన పామ్ త్రీ అనే చేతి కంప్యూటరులోనే పరారుణ కిరణాల ద్వారా ఒకరి కార్డును మరొకరికి పంపే వీలుండేది, కాకపోతే ఎదుటివారి దగ్గర కూడా అటువంటి పరికరమే ఉండాలి. ఆపిల్ సంస్థ 2023లో ఐఓఎస్ 17 అనే ఐఫోన్ సాఫ్ట్‌వేర్‌తో పాటు తెచ్చిన నేమ్‌డ్రాప్, అంటే పరికరాలను దగ్గరగా పెట్టి వివరాలు పంపుకునే వీలు, ఎంత సొగసుగా పనిచేసినా దానిదీ అదే ఇబ్బంది: ఇద్దరి దగ్గరా ఆపిల్ ఫోనో వాచీయో ఉంటేనే అది పనికొస్తుంది. పదిమందిలో ఎవరి చేతిలో ఏ ఫోన్ ఉంటుందో తెలియని చోట, ఎదుటివారిని ఏ యాప్ వేసుకోమనీ, ఏ సెట్టింగు మార్చమనీ అడగని పద్ధతినే నమ్ముకోవాలి. జపాన్‌లో డెన్సో వేవ్ సంస్థ 1994లో కార్ల విడిభాగాల లెక్క కోసం తయారు చేసిన క్యూఆర్ కోడ్ ఆ పరీక్షకు నిలుస్తుంది. ఐఫోన్ కెమెరా 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి దాన్ని నేరుగా చదువుతోంది, ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ సాధారణంగా కెమెరా తెరిస్తే చాలు.

క్యూఆర్ కార్డుల్లో రెండు రకాలున్నాయి, వీటి మధ్య తేడా తెలియకుండా డబ్బు కట్టవద్దు. మొదటి రకంలో నీ పేరు, ఫోన్ నంబరు, ఈమెయిల్ వంటివన్నీ వీకార్డ్ అనే రూపంలో ఆ చుక్కల్లోనే ఇమిడి ఉంటాయి. స్కాన్ చేయగానే ఎదుటివారి ఫోన్‌లో కొత్త కాంటాక్ట్ పేజీ తెరుచుకుంటుంది, ఇంటర్నెట్ అక్కరలేదు. వందల మంది ఒకే వైఫై మీద పడే సమావేశ మందిరంలో ఈ ఒక్క సౌకర్యం ఎంత విలువైనదో నీకే తెలుస్తుంది. రెండవ రకంలో చుక్కల్లో ఉండేది ఒక లింక్ మాత్రమే, వివరాలు ఏదో సంస్థ సర్వర్‌లో ఉంటాయి. ఉద్యోగం మారినా, నంబరు మారినా కోడ్ మార్చకుండానే వివరాలు సరిదిద్దుకోవచ్చు, ఫోటో పెట్టుకోవచ్చు, ఎంతమంది తెరిచారో చూసుకోవచ్చు. కాని నెట్ లేకపోతే పేజీ తెరుచుకోదు. చందా ఆగిపోయినా, ఆ సంస్థ మూతపడినా, నువ్వు అంతకుముందు ఇచ్చిన కార్డులన్నీ ఒక్కసారిగా చెల్లనివైపోవచ్చు. నా మొగ్గు మొదటి రకం వైపే. లింక్ తప్పనిసరి అనుకుంటే నీ పేరు మీద నమోదు చేసుకున్న వెబ్ చిరునామానే అందులో పెట్టు, అప్పుడు వెనుక ఏ సేవ మారినా లింక్ నీ చేతిలోనే ఉంటుంది.

మొదటి రకం ఎంచుకుంటే పొదుపు పాటించాలి. అతి పెద్ద క్యూఆర్ కోడ్‌లో 2,953 బైట్ల వరకు పడుతుందని లెక్క, అయితే అంత నింపితే చుక్కలు మరీ సన్నబడి ఏ ఫోనూ సులువుగా చదవలేదు. ఫోటో ఆశ వదులుకోవలసిందే. తెలుగులో వివరాలు రాయాలనుకుంటే ఇంకొక విషయం గుర్తుంచుకో: అక్షరాలను కంప్యూటరు దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి 1 బైటు చాలితే, తెలుగు గుర్తు ఒక్కొక్కదానికి 3 బైట్లు కావాలి, పైగా వత్తులకూ గుణింతాలకూ విడిగా లెక్క పడుతుంది. ‘క్షే’ అన్న ఒక్క అక్షరానికే 12 బైట్లు ఖర్చవుతాయి. కాబట్టి పేరు వరకు తెలుగులో ఉంచుకున్నా, చిరునామా అంతా తెలుగులో రాస్తే కోడ్ చీమలబారులా తయారవుతుంది. వీకార్డ్‌లో కొన్ని తరాలున్నాయి. 2011లో వచ్చిన 4.0 కంటే 1998 నాటి 3.0 రూపమే ఎక్కువ ఫోన్లు తడబడకుండా తీసుకుంటాయి కనుక, కోడ్ తయారు చేసే యాప్ ఏ రూపం కావాలని అడిగినప్పుడు దాన్నే ఎంచుకో.

కార్డులో ఏమేమి ఉండాలన్న దానికి పెద్ద చర్చ అక్కరలేదు. పేరు, సంస్థ, హోదా, ఒక ఫోన్ నంబరు, ఒక ఈమెయిల్, ఒక లింక్, అంతే. ఇంటిపేరును, పేరును వాటి వాటి గడుల్లో వేరువేరుగా నింపకపోతే ఎదుటివారి ఫోన్ జాబితాలో నువ్వు ఏ అక్షరం కింద దాక్కుంటావో ఎవరికీ తెలియదు. ఫోన్ నంబరుకు ముందు ప్లస్ గుర్తుతో దేశపు కోడ్ తప్పక ఉండాలి. అది లేని నంబరు మరో దేశం నుంచి వచ్చినవారి ఫోన్‌లో వట్టి అంకెలుగా మిగిలిపోతుంది. హోదాను మీ ఆఫీసు గోడల మధ్య మాత్రమే అర్థమయ్యే పొట్టి అక్షరాల్లో కాక, బయటివారికి నువ్వు చేసే పని తెలిసేలా రాయి. ఇంటి చిరునామా, పుట్టిన తేదీ, అన్ని సామాజిక మాధ్యమాల చిట్టా అవసరం లేదు, ఈ కార్డు ఎవరి చేతుల నుంచి ఎవరి చేతుల్లోకి వెళ్తుందో చెప్పలేం కదా.

ఇక కోడ్ రూపం సంగతి. అందం కోసం రంగులు మార్చి, మధ్యలో చిహ్నం పెట్టి ఇచ్చే సేవలు చాలా ఉన్నాయి. క్యూఆర్ కోడ్‌లో తప్పులు సరిదిద్దుకునే ఏర్పాటు ఉంది, అత్యధిక స్థాయిలో దాదాపు 30 శాతం చెడినా చదవగలదు, అందుకే మధ్యలో చిహ్నం పెట్టినా పనిచేస్తుంది. అయితే ఆ వెసులుబాటును వెలుతురు సరిగా లేని హాలు కోసం, గీతలు పడిన స్క్రీన్ కోసం మిగుల్చుకోవడం మంచిదని నా ఉద్దేశం. తెల్లటి నేపథ్యం మీద నల్లటి చుక్కలే ఉండనీ, చుట్టూ కనీసం నాలుగు చుక్కల వెడల్పు తెల్లటి అంచు వదులు. డార్క్ మోడ్‌లో నలుపు తెలుపులు తారుమారైన కోడ్‌ను కొన్ని స్కానర్లు గుర్తించవు. అన్నిటికంటే ముఖ్యం, ఆ కోడ్‌ను బొమ్మగా ఫోన్‌లో దాచుకుని ఒక్క తాకుడుతో తెరుచుకునే చోట పెట్టుకోవడం. ఎదుటివారు ఎదురుచూస్తుండగా నువ్వు యాప్ వెతకడం, అది అప్‌డేట్ అడగడం, పాస్‌వర్డ్ గుర్తుకు రాకపోవడం, ఈలోగా వారి చూపు నీ భుజం మీదుగా మరొకరి వైపు మళ్లడం, ఇదంతా సదస్సుల్లో నిత్యం జరిగే తతంగమే. చూపించే ముందు స్క్రీన్ వెలుతురు పూర్తిగా పెంచు. బ్యాడ్జి వెనుక అదే కోడ్‌ను అచ్చు వేసి అంటించుకుంటే, ఫోన్ చార్జింగ్ అయిపోయినా ఇబ్బంది ఉండదు.

ఫోన్‌కు తాకిస్తే చాలని అమ్మే ఎన్‌ఎఫ్‌సీ కార్డుల గురించి కూడా అడిగావు. అవి 13.56 మెగాహెర్ట్జ్ తరంగాల మీద, కొద్ది సెంటీమీటర్ల దూరంలో మాత్రమే పనిచేస్తాయి. యాప్ తెరవకుండానే చదివే వీలు ఐఫోన్లలో 2018 నాటి ఎక్స్‌ఎస్, ఎక్స్‌ఆర్ మోడళ్లతో మొదలైంది. ఆండ్రాయిడ్‌లో ఆ సౌకర్యం ఫోన్‌లో ఉండాలి, ఆన్ చేసి ఉండాలి. ఐఫోన్‌కు పై అంచున, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లకు వీపు మధ్యలో తాకించాలి కనుక, ఎక్కడ తాకించాలో తెలియక ఇద్దరూ కాసేపు తడుముకోవడం మామూలే. ముచ్చటపడితే ఒకటి కొనుక్కో, కాని ఖరీదైన లోహపు కార్డుల జోలికి పోవద్దు. ఎన్‌ట్యాగ్213 వంటి చిన్న చిప్‌లో నువ్వు రాసుకోగలిగేది 144 బైట్లే కాబట్టి అందులో ఒక్క లింక్ పెట్టి, వేరెవరూ తిరగరాయకుండా లాక్ చేసుకో. దాని పక్కనే క్యూఆర్ కూడా ముద్రించి ఉండేటట్టు చూసుకో.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పరిచయం అవుతూనే ఫోన్ ముందుకు చాపకు. నాలుగు మాటలు మాట్లాడాక, మళ్లీ మాట్లాడుకోవడానికి ఒక కారణం దొరికినప్పుడు, “ఆ నివేదిక మీకు పంపుతాను, ఏ ఈమెయిల్‌కు పంపమంటారు?” అని అడుగు. ఇలా అడిగితే వివరాలు ఇవ్వడం వారికి మొహమాటంగా ఉండదు, పుచ్చుకోవడం నీకూ ఎబ్బెట్టుగా ఉండదు. వారు నీ కోడ్ స్కాన్ చేసినప్పుడు ఏమవుతుందో ఒకసారి గమనించు. కెమెరాలో చిన్న పట్టీ కనిపిస్తుంది, దాన్ని తాకాలి, కాంటాక్ట్ పేజీ వస్తుంది, అక్కడ మళ్లీ సేవ్ నొక్కాలి. ఈ చివరి మెట్టు దగ్గరే ఎవరో పలకరిస్తారు, ఫోన్ జేబులోకి వెళ్తుంది, నీ కార్డు గంగలో కలుస్తుంది. నీ ఫోన్‌కు మాత్రం ఇదేదీ తెలియదు. అందుకే, స్కాన్ అయ్యాక వారి నంబరు గానీ ఈమెయిల్ గానీ అడిగి, వారి ఎదుటే నీ పేరు, మాట్లాడుకున్న విషయం కలిపి ఒక వాక్యం పంపు. దానితో ఇద్దరి దగ్గరా ఇద్దరి వివరాలు, సందర్భంతో సహా ఉండిపోతాయి. ఆ మాటల్లో వారి పేరు వర్ణక్రమం సరిచూసుకునే అవకాశం కూడా దొరుకుతుంది.

పెద్దవారితో, ముఖ్యంగా అప్పుడే వేదిక దిగిన వక్తలతో వ్యవహరించేటప్పుడు వారి పద్ధతినే అనుసరించు. వారు కాగితపు కార్డు ఇస్తే రెండు చేతులా తీసుకుని, చదివి, ఆ తరువాతే దాచుకో. వారి ముందే ఫోటో తీసి స్కాన్ చేయడం కంటే తీరిక చేసుకుని నమోదు చేసుకోవడం మర్యాద. కాగితపు కార్డులను చదివే యాప్‌లు కొన్ని నీ కాంటాక్ట్‌లన్నిటికీ అనుమతి అడుగుతాయి, ఇవ్వకు. నీ కార్డు చూపించే ముందు ఎదుటివారి పేరు, ఈమెయిల్ నింపమని పట్టుబట్టే సేవలు కూడా ఉన్నాయి, వాటిని దగ్గరకు రానీయకు. కార్డు ఇచ్చారంటే ఉత్తరం రాయమని అర్థమే గాని ప్రచార జాబితాలో చేర్చమని కాదు. యూరప్‌లో 2018 మే 25 నుంచి అమలులో ఉన్న జీడీపీఆర్ వంటి చట్టాలు కూడా ఇతరుల వివరాలను ఇష్టం వచ్చినట్టు వాడుకోనివ్వవు. అలాగే గోడల మీద, బల్లల మీద కనిపించిన ప్రతి కోడ్‌నూ స్కాన్ చేయకు. అసలు కోడ్ మీద మరొకటి అంటించి మోసపుచ్చేవారున్నారు, తెరిచే ముందు వెబ్ చిరునామా చదువు.

విరామం దొరికినప్పుడల్లా, కొత్త కాంటాక్ట్ కింద ఉండే నోట్స్ గడిలో సదస్సు పేరు, మాట్లాడిన విషయం, నువ్వు ఇచ్చిన మాట, ఈ మూడూ రాసుకో. తరువాత ఆ సదస్సు పేరుతో వెతికితే అందరూ ఒకేసారి బయటపడతారు. పొద్దుపోయేదాకా వాయిదా వేస్తే ముఖాలు గుర్తుంటాయి, పేర్లు గుర్తుంటాయి, ఏ ముఖానికి ఏ పేరో మాత్రం గుర్తుండదు. ఇస్తానన్న నివేదికను రెండు రోజుల లోపల పంపు. ఉత్తరం నాలుగు వాక్యాలు దాటనవసరం లేదు: ఎక్కడ కలిశామో, ఏ మాట నచ్చిందో, జత చేసిన కాగితం ఏమిటో, తరువాత ఏం కోరుతున్నావో. అందరికీ ఒకే ఉత్తరం పేర్లు మార్చి పంపితే చదివేవారు ఇట్టే పసిగడతారు. పలకరింపు తప్ప మరేమీ జరగని పరిచయాలను అలాగే వదిలేయి, వారికి ఏదో ఒకటి రాయాలని తంటాలు పడకు.

కాగితపు కార్డులు పూర్తిగా మానేయమని నేననను. స్కాన్ చేయడం ఇష్టం లేనివారి కోసం కోడ్ ముద్రించినవి కొన్ని సంచిలో ఉంచుకో.

నీ కోడ్ తయారవగానే నాకు పంపు, నా పాత ఆండ్రాయిడ్ ఫోన్‌లో నెట్ కట్టేసి స్కాన్ చేసి చూస్తాను. ఈలోగా నువ్వు ఒక ఐఫోన్‌తో, మసక వెలుతురులో, చేయి చాచినంత దూరం నుంచి ప్రయత్నించి, సేవ్ అయిన కాంటాక్ట్ తెరిచి నంబరు, ఈమెయిల్ అక్షరం అక్షరం సరిచూడు. ఆ నంబరుకు ఒకసారి ఫోన్ చేసి, ఆ ఈమెయిల్‌కు ఒక ఉత్తరం పంపి, రెండూ నీకే చేరుతున్నాయని రూఢి చేసుకున్నాకే అచ్చుకు ఇవ్వు.

ఇట్లు,
మామయ్య